గమ్మత్తుకి ఒక నియమం: ప్రేమ, ఎడబాటుల మీద కాన్సెప్ట్ ఆల్బం కట్టే పద్ధతి

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ నుంచి ఎక్కించిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ పూట మన విషయం ఇండీ పాప్, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసుకునే పాప్ పాటలు. అందులోనూ కాన్సెప్ట్ ఆల్బం, పాటలన్నీ ఒకే ఆలోచన చుట్టూ తిరిగేది. అందులోనూ గమ్మత్తైనది. చెప్పే సంగతేమో ప్రేమ, ఆ ప్రేమ చెడిపోవడం. వినడానికి తేలికైన పనిలా ఉంటుంది కదా? బొమ్మ పియానో, ఉకులేలే అనే నాలుగు తీగల బుల్లి గిటారు, నాలుగు చిలిపి మాటలు. అయిపోయింది ఆల్బం. అవదండీ. ఈ తరహా ఆల్బమ్‌లు ఎక్కువగా నాలుగో పాట దగ్గరే చచ్చిపోతాయి. ఎందుకో చెప్తాను.

గమ్మత్తు అంటే చాలామంది ఏమనుకుంటారు? ఏమైనా చేసెయ్యొచ్చు అనుకుంటారు. మొదటి పాటలో చందమామకి జలుబు చేస్తుంది. రెండో పాటలో పిల్లి ఉత్తరం రాస్తుంది. మూడో పాటలో సబ్బుబిళ్ల ఏడుస్తుంది. వినేవాడు మొదటి పాటకి నవ్వుతాడు, రెండోదానికి కాస్త నవ్వుతాడు, నాలుగోదానికి ఫోన్ తీస్తాడు. తప్పు వాడిది కాదు. ఏమైనా జరగొచ్చు అన్నచోట ఏం జరిగినా లెక్కలోకి రాదు. అక్కడ ఎవరైనా ఎవరినైనా వదిలేసి వెళ్లిపోతే మనకేం నొప్పి?

అందుకని నేను చెప్పేది ఒకటే. గమ్మత్తుకి నియమం కావాలి. ఆ నియమాన్ని ఆల్బం మొత్తంలో ఒక్కసారే తప్పాలి. రాసుకునేవాళ్లు రాసుకోండి: ఒక్కసారే. రెండుసార్లు తప్పితే అది నియమమే కాదు. అసలు తప్పకపోతే ఎంత బాగున్నా అది సరదా దగ్గరే ఆగిపోతుంది.

కాన్సెప్ట్ అనగానే కథ అని భయపడొద్దు. 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ రికార్డు వచ్చింది. దాంతో ఒక వైపున ఇరవై నిమిషాల దాకా ఒకే ధోరణిలో వినిపించే వీలు దొరికింది. 1955లో అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా ఒక ఆల్బం నిండా అర్ధరాత్రి ఒంటరితనాన్నే పాడాడు. అందులో కథ లేదు, ఉన్నది ఒకే గడియ, ఒకే మనఃస్థితి. 1999లో మాగ్నెటిక్ ఫీల్డ్స్ బృందం నుంచి స్టెఫిన్ మెరిట్ రాసిన ప్రేమపాటల సంపుటి వచ్చింది. మూడు సీడీలు, ఒక్కోదాంట్లో 23 పాటలు, మొత్తం 69. అక్కడా కథ లేదు. లెక్కే కాన్సెప్టు. చరిత్ర ఇంతకంటే వద్దు, పని చేయడానికి ఇది చాలు. నియమం కథ కావచ్చు, ఒక గడియ కావచ్చు, ఒక అంకె కావచ్చు. ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. రెండు వాక్యాలు పట్టిందంటే ఇంకా దొరకలేదన్నమాట.

మాటలు గాల్లో ఉండకుండా ఒక ఆల్బమ్‌ని ఇక్కడే కట్టుకుంటూ పోదాం. పోయిన వస్తువుల కౌంటర్ ఒకటి ఉంది. ఏదో ఒక స్టేషన్, ఏ ఊరైనా ఫర్వాలేదు. గుమాస్తా ఒకడు. ఎవరైనా ఏదైనా పోగొట్టుకుంటే అతనొక ఫారం నింపుతాడు. వస్తువు ఏమిటి, రంగేమిటి, పొడవెంత, ఎక్కడ పోయింది, చివరిసారి ఎప్పుడు చూశారు. పన్నెండు పాటలు, ఒక్కో పాటకి ఒక్కో వస్తువు. ఇప్పుడు నియమం: గుమాస్తా అడుగుతాడు, జవాబు చెప్పడు. ఇంతే. దీనికో చిన్న అనుబంధం ఉంది. ప్రేమ అన్న మాట ఆల్బంలో ఎక్కడా వినిపించకూడదు.

ఆ అనుబంధం ఎందుకు? ఆ మాట దొరికితే పాట రాసేవాడు బద్ధకిస్తాడు కాబట్టి. అది లేకపోతే ఏం చేస్తాడు? గొడుగు గురించి రాయాలి. రాసి చూపిస్తాను, వినండి:

"రంగు?" "నలుపు." "పొడవు?" "మూరెడు."
"పిడి?" "విరిగింది. దారం చుట్టి ఉంటుంది."
"ఎవరు చుట్టారు?" "అది ఫారంలో ఉందా?"
"చివరిసారి ఎప్పుడు చూశారు?"

ఇందులో ఎడబాటు ఎక్కడుంది? దారంలో ఉంది. ఎవరో ఒకరు కూర్చుని, ఓపిగ్గా ఆ పిడికి దారం చుట్టారు. ఆ మనిషి ఇప్పుడు లేరు. పాట ఆ సంగతి చెప్పదు. గుమాస్తా అడక్కూడని ప్రశ్న అడిగాడు, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. గమనించారా, ఇక్కడ నియమం తప్పలేదు, తప్పబోయి ఆగింది. రెండో పాటలో ఇలా ఒకసారి తూలితే, తొమ్మిదో పాటలో పడతాడని వినేవాడి లోపల అనుమానం మొదలవుతుంది. అది మనకి కావాలి.

ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, ప్రాసల పిచ్చి. గొడుగుకి అడుగు, అడుగుకి మడుగు. ఒక చరణంలో ఒక తెలివైన ప్రాస చాలండీ. మూడు పెడితే వినేవాడు కవిని మెచ్చుకుంటాడు, పాత్రని మర్చిపోతాడు. ఎడబాటు పాటలో కవి కనిపించకపోవడమే మంచిది.

ఇప్పుడు పన్నెండు పాటల పటం. అన్నీ ఒక్కొక్కటిగా చెప్పను. ఒకటి నుంచి ఐదు దాకా వేర్వేరు మనుషులు, వేర్వేరు వస్తువులు. గొడుగు, ఒంటి చేతితొడుగు, కళ్లజోడు, ఇలా. వేగం 112 నుంచి 124 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్య, అన్నీ మూడు నిమిషాల లోపు. ఆరోది తాళంచెవి. ఎల్పీ అనుకుంటే మొదటి వైపు ఆఖరి పాట. ఎవరో తాళంచెవి దొరికిందని తెచ్చి ఇస్తారు. గుమాస్తా వివరాలు అడుగుతాడు కానీ రెండు ప్రశ్నలు వదిలేస్తాడు. రంగు అడగడు, పొడవు అడగడు. ఎందుకు అడగడు? ఆ తాళంచెవి అతనికి తెలుసు కాబట్టి. ఆ సంగతి మీద ఎవరూ నోరు విప్పరు. శ్రద్ధగా వినేవాడికి అర్థమవుతుంది, మిగతావాళ్లకి తొమ్మిదో పాటలో అర్థమవుతుంది. ఇద్దరికీ నష్టం లేదు.

ఏడు, ఎనిమిది మళ్లీ తేలిక పాటలు. ఎనిమిదోది ఆల్బం మొత్తంలోకీ అల్లరిదిగా ఉండాలి. చాలామంది ఇక్కడ ఉలిక్కిపడతారు. గుండె పగిలే పాటకి ముందు అల్లరి ఏమిటని అడుగుతారు. మరి ఎక్కణ్నుంచి పడితే దెబ్బ తగులుతుందండీ? ఎత్తు మీంచి పడాలి. విషాదాన్ని మెల్లగా మెట్లు దింపుకుంటూ తెస్తే వినేవాడు ముందే సర్దుకుని కూర్చుంటాడు. అసలు ఈ రకం ఆల్బమ్‌లలో పెద్ద లోపమే అది. నాలుగో పాటలో విడిపోతారు, తర్వాత ఎనిమిది పాటలు వరసగా ఏడుస్తారు.

తొమ్మిదో పాట. కౌంటర్ మూసే వేళ. ఎవరూ లేరు. గుమాస్తా ఫారం తీస్తాడు. "వస్తువు? తాళంచెవి. పోగొట్టుకున్నవారి పేరు?" అని ఆగి, తన పేరు చెప్తాడు. ఎనిమిది పాటలుగా అడుగుతూ వచ్చిన గొంతు మొదటిసారి జవాబు చెప్పింది. ఇదే ఆ ఒక్క ఉల్లంఘన. ఇంకేం అక్కర్లేదు. ఆర్కెస్ట్రా అక్కర్లేదు, అరవక్కర్లేదు. ఇక్కడ వయొలిన్లు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

పదో పాటలో ఏం చేయాలి? ఎవరైనా చెప్తారా? ... గుమాస్తాని వదిలేసి వెళ్లిన ఆవిడ రావాలా? రావొచ్చు, కానీ నాకు ఇష్టం లేదు. వస్తే ఆల్బం ఆవిడ జవాబు మీదికి పోతుంది. పదో పాటలో మామూలుగా ఇంకో మనిషి వచ్చి టోపీ పోయిందంటాడు. గుమాస్తా మళ్లీ ప్రశ్నలే అడుగుతాడు. నియమం తిరిగి కుదురుకుంటుంది. నిన్న రాత్రి ఏమీ జరగనట్టు పని చేసుకుంటున్న మనిషిని వినడం ఉందే, అది తొమ్మిదో పాట కంటే కష్టం.

బాణీలు, వాద్యాలు

మాటల్లో నియమం ఉన్నట్టే బాణీలోనూ ఉండాలి. ఐదు స్వరాల చిన్న పలుకు ఒకటి తీసుకుందాం: గ ప ద ప స. సి మేజర్‌లో చూస్తే ఇ, జి, ఎ, జి, సి. మొదటి పాటలో ఇది స మీద హాయిగా కూర్చుంటుంది. ప్రతి పాటలోనూ ఎక్కడో ఒకచోట వినిపించాలి. పల్లవిలోనే అక్కర్లేదు, బేస్‌లో దాచొచ్చు, చరణాల మధ్య వేయొచ్చు. కానీ ఐదు స్వరాలు మించనివ్వకండి. ఎనిమిది, తొమ్మిది స్వరాలైతే వినేవాడు రెండోసారి గుర్తుపట్టలేడు.

తొమ్మిదో పాటలో దీన్ని ఏం చేస్తాం? ఎఫ్ మేజర్ రావాల్సిన చోట ఎఫ్ మైనర్ వేస్తాం. ఉకులేలే ఉన్నవాళ్లు చేతిలోకి తీసుకోండి. జి, సి, ఇ, ఎ ట్యూనింగ్. ఒక్కో తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో వరసగా చెప్తే, ఎఫ్ అంటే 2-0-1-0. ఎఫ్ మైనర్ అంటే 1-0-1-3. వాయించండి, ఒకదాని తర్వాత ఒకటి. వినిపించిందా? కార్డులో మారిన స్వరం ఒక్కటే. ఎ కాస్తా అర మెట్టు దిగి ఎ ఫ్లాట్ అయింది. మన కర్ణాటక సంగీతం లెక్కలో చెప్పాలంటే చతుశ్రుతి ధైవతం దిగి శుద్ధ ధైవతం అయింది. ఒక్క స్వరం, గదిలో దీపం తగ్గించినట్టు ఉంటుంది.

కానీ జాగ్రత్త. మన పలుకులో ద ఉంది కదా, గ ప ద ప స. కింద కార్డు మైనర్ అయి, పైన గొంతు పాత ద మీదే ఉంటే రెండూ అర మెట్టు తేడాతో కొట్టుకుంటాయి. అది విషాదంలా వినపడదు, తప్పు వాయించినట్టు వినపడుతుంది. గొంతునీ శుద్ధ ధైవతానికి దించాలి. ఇంకో పని కూడా చేయాలి, చివరి స తీసేయాలి. గ ప ద ప, అక్కడ ఆపేయాలి. ఎనిమిది పాటలుగా స విన్న చెవి దానికోసం ఎదురుచూస్తుంది. వేగం మాత్రం మొదటి పాటదే ఉంచండి. 116 అంటే 116. డ్రమ్‌ని సగానికి తగ్గించండి చాలు, స్నేర్ డ్రమ్ దెబ్బ నాలుగు లెక్కల్లో రెండుకీ నాలుగుకీ కాకుండా మూడుకే పడుతుంది. నెమ్మదిగా వినిపిస్తుంది, గడియారం మారదు. ఎడబాటు కదా అని వేగం 70కి దించేస్తే ఇది వేరే ఆల్బంలో పాట అయిపోతుంది.

ఇప్పుడు బొమ్మ వాద్యాలు. ఆల్బం మొత్తానికి ఐదు, పాటకి రెండు, అంతకు మించొద్దు. ఎందుకంటే ఉకులేలే, గ్లాకెన్‌ష్పీల్ (లోహపు పలకల్ని పుల్లతో కొట్టేది), బొమ్మ పియానో, మెలోడికా (మీటలు నొక్కుతూ ఊదేది), ఈల, ఇవన్నీ పైస్థాయి వాద్యాలు. అన్నీ కలిసి గొంతు స్పష్టంగా వినపడే చోటే ముసురుకుంటాయి. కింద బేస్ ఏమీ ఉండదు. మూడు పాటలకే చెవి అలిసిపోతుంది. దీనికి మందు ఈక్వలైజర్ కాదు, కింద ఒక బరువైన వాద్యం. బేస్ గిటారైనా సరే, చెల్లో అయినా సరే, ట్యూబా అయితే మరీ బాగుంటుంది. ట్యూబా ముద్దుగానూ ఉంటుంది, దిగులుగానూ ఉంటుంది.

బొమ్మ పియానో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎక్కువమంది బోల్తా పడేది దాని దగ్గరే. లోపల తీగలుండవు, లోహపు కడ్డీలుంటాయి, వాటి మీద చిన్న సుత్తులు పడతాయి. కడ్డీలో పుట్టే పై స్వరాలు తీగలోలాగా సమంగా పేర్చుకుని ఉండవు. ఆ గంటలాంటి తీపి అక్కణ్నుంచే వస్తుంది. తంటా కూడా అక్కడే. మూడు స్వరాల కార్డు నొక్కితే పై స్వరాలన్నీ గజిబిజి అయిపోతాయి. ఒక్కో స్వరంగా వాయించండి, మహా అయితే రెండు. రెండో తంటా శ్రుతి. కడ్డీల్ని శ్రుతి చేయడం మామూలుగా మన చేతిలో పని కాదు. అందుకే రికార్డింగ్‌లో దాన్నే ముందు తీయండి. ట్యూనర్ పెట్టి ప్రతి మీటకీ ఎన్ని సెంట్లు (అర మెట్టులో నూరో వంతులు) తేడా ఉందో కాగితం మీద రాయండి. అన్నీ ఒకేవైపు పది పదిహేను సెంట్లు ఎక్కువుంటే గిటార్లనీ బేస్‌నీ అంతమేర పెంచి శ్రుతి చేయండి. ఒక్కో మీట ఒక్కో తీరుగా ఉంటే బాగా తప్పిన మీటల్ని వాడకుండా బాణీ రాసుకోండి. మైకు ముందునుంచి కాకుండా వెనకనుంచి పెట్టండి, మీటల టకటక తగ్గుతుంది. పూర్తిగా పోగొట్టొద్దు, ఆ చప్పుడు కొంత ఉంటేనే బొమ్మ అని తెలుస్తుంది.

మెలోడికా ఊదేవాళ్లకి ఒక మాట: గట్టిగా ఊదితే రీడు శ్రుతి కాస్త దిగుతుంది. పెద్ద శబ్దం కావాలంటే మైకు దగ్గరికి జరపండి, ఊపిరి పెంచకండి. గ్లాకెన్‌ష్పీల్ రాసిన దానికంటే రెండు ఆక్టేవులు పైన మోగుతుంది. గొంతు పాడేటప్పుడు వేయకండి, గొంతు ఆగినచోట వేయండి.

గొంతు. నోటికీ మైకుకీ ఒక జానెడు కంటే తక్కువ దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. చిన్నగా పాడాలి, పక్కన కూర్చున్న మనిషికి చెప్తున్నట్టు. ఇంత దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బుతాయి, 100 హెర్ట్జ్ కింద కోసేయండి. ఈ సంగీతంలో గొంతుని రెండుసార్లు పాడి కలపడం మామూలు. దానికి బొమ్మలాంటి ఒక మెరుపు వస్తుంది. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్‌కి రెండోసారి పాడటం విసుగని 1966లో అబీ రోడ్ స్టూడియో ఇంజినీర్ కెన్ టౌన్‌సెండ్ టేపుతో ఆ పని చేసే పద్ధతి కనిపెట్టాడు. మీరు మాత్రం నిజంగా రెండుసార్లే పాడండి, ఆ చిన్న తేడాల్లోనే ప్రాణం ఉంది. రెండో దాంట్లో స, ష, చ లాంటి అక్షరాల్ని నొక్కకుండా పాడండి, లేకపోతే ప్రతి స రెండుసార్లు వినిపించి చెవిలో గుచ్చుకుంటుంది. మరి తొమ్మిదో పాటలో? ఒక్క గొంతు. రెండోది లేదు, రివర్బ్ (కలిపే ప్రతిధ్వని) లేదు. ఎందుకో ఇప్పుడు నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

వరస, శబ్దం, ఆఖరి పనులు

పన్నెండు పాటలు, 36 నిమిషాల లోపు. వినైల్ వేయించే ఆలోచన ఉంటే వైపుకి 18 నిమిషాలు చక్కగా సరిపోతుంది. 22 దాటిందంటే గాళ్లు ఇరుకవుతాయి, శబ్దం తగ్గించి కోయాల్సొస్తుంది. ఇంకో సంగతి. రికార్డు ఒకే వేగంతో తిరుగుతుంది కానీ సూది కింద గాడి పరుగు ఒకేలా ఉండదు. పన్నెండంగుళాల రికార్డులో బయటి అంచున సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు, లోపలికి వచ్చేసరికి దాదాపు 21. లోపల పై స్వరాలు చెదురుతాయి. అందుకని గట్టి పాటలు వైపు మొదట్లో, మెత్తనివి చివర్లో. మన పటం చూడండి, ఆరోదీ పన్నెండోదీ మెత్తనివే. బాగానే ఉంది.

కానీ ఒక చిక్కుంది. పన్నెండో పాట మొదటి పాటకే తిరుగురూపం. తొమ్మిదిలో తీసేసిన ఆ స ఉంది చూశారూ, దాన్ని ఇక్కడ చిట్టచివర గొంతు పాడదు, గ్లాకెన్‌ష్పీల్ ఒక్క దెబ్బ కొడుతుంది. నాకైతే ఇలాగే కావాలి. మరి గ్లాకెన్‌ష్పీల్‌కి రికార్డులో అంతకంటే చెడ్డ చోటు లేదు, లోపలి గాడి ఆఖరి అంగుళం! ఏం చేయాలి? రెండో వైపుని 16 నిమిషాలకి తగ్గించండి, పాట అంత లోపలిదాకా వెళ్లదు. గ్లాకెన్‌ష్పీల్‌ని రబ్బరు తల పుల్లతో మెత్తగా కొట్టండి. రికార్డు మీద గాళ్లు కోసే ఇంజినీరుకి ఆ చోటు నిమిషం, సెకన్లతో సహా రాసివ్వండి. ముందు టెస్ట్ ప్రెస్సింగ్, అంటే నమూనా రికార్డు, తెప్పించుకుని అదొక్కటీ వినండి.

స్ట్రీమింగ్‌కి వేరే లెక్క. స్పాటిఫై శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ (ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గరికి సర్దుతుంది. ఆల్బం వరసలో వింటే మొత్తం ఆల్బమ్‌కి ఒకటే సర్దుబాటు, పాటల మధ్య తేడా అలాగే ఉంటుంది. అందుకని పాటలన్నిటినీ ఒకే మట్టానికి లాగేయకండి. తొమ్మిదో పాట ఎనిమిదోదానికంటే మూడు నాలుగు డెసిబెళ్లు తక్కువుండాలి. మాస్టరింగ్ చేసేవాళ్లు మంచి మనసుతో దాన్ని పెంచేస్తారు, ముందే చెప్పండి. పీక్, అంటే శబ్దం ఎక్కే శిఖరం, మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి.

పాటల మధ్య కౌంటర్ గంట, కుర్చీ కిర్రు, స్టాంపు దెబ్బ, ఇలాంటివి పెట్టుకోవచ్చు. విడి ట్రాకులుగా పెట్టొద్దు. ముప్పై సెకన్ల లోపు ట్రాకు స్ట్రీమ్‌గా లెక్కకే రాదు, వరస కలిపేసి వినేవాడికి ఆ చప్పుడు ఒంటరిగా దొరికి చికాకు పెడుతుంది. ముందు పాట చివర అతికించండి, తర్వాతి పాట మొదట్లో కాదు. ఎవరైనా నేరుగా పాట పెట్టుకుంటే పాటే మొదలవ్వాలి. ఇక ఆ చప్పుళ్ల మధ్య కథ చెప్పే వ్యాఖ్యానం మాత్రం ఎంతమాత్రం వద్దు. దారం ఎవరు చుట్టారో ఒక గొంతు వచ్చి చెప్పేస్తే గొడుగు పాట ఎందుకు రాసినట్టు?

ఒకరు చీటీ పంపారు. "తొమ్మిదో పాటనే ముందుగా సింగిల్‌గా విడుదల చేయొచ్చా?" అని. వద్దండీ. అది విడిగా వింటే ఒకడు తన పేరు చెప్పుకుంటున్నాడు, అంతే. నియమం తెలియనివాడికి ఉల్లంఘన ఏం వినిపిస్తుంది? రెండో పాట వదలండి, గొడుగు. ఆ తర్వాత ఎనిమిదోది. తొమ్మిదిని ఆల్బమ్‌లోనే వినాలి.

ఇంకో చీటీ, "గుమాస్తా పేరు ఏం పెట్టాలి?" రెండక్షరాల పేరు, చివర దీర్ఘం ఉన్నది. ప మీద ఆగిపోయే పలుకు కదా, ఆ దీర్ఘం మీద గొంతు నిలబడాలి. ఇ, ఈ లాంటి నోరు బిగించే అచ్చులొద్దు, ఆ గానీ ఓ గానీ. అసలు ఆ పేరు ముందు దొరికాకే తొమ్మిదో పాట చరణం రాయండి.

టీ విరామం తర్వాత ఉకులేలేలు తెచ్చుకున్నవాళ్లు ఈ ముందు వరుసలోకి రండి. ఆ 1-0-1-3 చాలామందికి మూడో మెట్టు దగ్గర వేలు జారుతోంది, ఇక్కణ్నుంచే కనిపించింది. దాన్ని సరిచేసుకుని, అప్పుడు మీమీ నియమాలు ఒక్కో వాక్యంలో చదివి వినిపించండి.